ఇంటికి మరమ్మతా? కాపలావాడికి సెలవివ్వండి!

మిర్యాలగూడ రైస్‌మిల్లులో వడ్ల లెక్క, బస్తాల లెక్క, లారీల లెక్క... అన్నీ ఒకప్పుడు ఎర్ర అట్ట ఖాతా పుస్తకాల్లో ఉండేవి. ఇప్పుడు గుమస్తా ముందున్న కంప్యూటర్లో ఉంటున్నాయి. సూర్యాపేటలో పెళ్లిపత్రికలు వేసే డీటీపీ సెంటర్‌కి పదేళ్ల డిజైన్లు, కోదాడలో ఫొటోస్టూడియోకి వందల పెళ్లిళ్ల ఆల్బమ్‌లు అందులోనే. కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న ఇంటి లాప్‌టాప్‌లో అయితే, అమ్మమ్మ చివరి పుట్టినరోజు వీడియో కూడా ఉంటుంది. అన్నిటికీ ఒకటే చిరునామా... హార్డ్‌డిస్క్!

ఇలాంటి కంప్యూటర్లకు ఈమధ్య ఓ పెద్ద పని వచ్చిపడింది. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. ఆగిపోయింది కంప్యూటర్ కాదు, దానికి ఉచితంగా వచ్చే భద్రతా మరమ్మతులు. దాంతో 'విండోస్ 11 వేయించాలా?' అన్న ప్రశ్న మిల్లు గుమస్తా నుంచి ఇంటి ఇల్లాలి దాకా అందరిదీ అయింది. వేయించబోతే మధ్యలో ఆగిపోవడం, గిరగిరా తిరిగే చుక్కల దగ్గరే గంటలు గడవడం, చివరికి నీలంతెర ప్రత్యక్షం కావడం కొందరికి ఎదురయ్యే అనుభవం. కారణాలు చాలానే ఉండొచ్చు. అందులో సులభంగా తప్పించుకోగలిగిందీ, చాలామంది మర్చిపోయేదీ ఒకటుంది. అదే యాంటీవైరస్!

వంటింట్లో తిరిగే మనిషి

కంప్యూటర్‌ని కాపాడాల్సింది దానికి అడ్డెందుకు పడుతుంది? అది ఎక్కడ కూర్చుని పనిచేస్తుందో తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

టైపు చేసుకునే ప్రోగ్రాము, పాటలు వినిపించే ప్రోగ్రాము, లెక్కల ప్రోగ్రాము... ఇవన్నీ వసారాలో కూర్చునే చుట్టాల్లాంటివి. వాటిలో ఏదైనా తూలిపడితే అది ఒక్కటే మూతపడుతుంది. ఇల్లు నడుస్తూనే ఉంటుంది. యాంటీవైరస్ అలా కాదు. అది వంటింటిదాకా వెళ్లే మనిషి. మనం ఏ ఫైలు తెరిచినా, ఏది దాచినా ముందు తన కంటపడాలంటుంది. అందుకోసం విండోస్ గుండెకాయలాంటి 'కెర్నల్' అనే భాగంలోకి తన డ్రైవర్లను పంపి కూర్చోబెడుతుంది. అక్కడ కూర్చున్న మనిషి తూలితే ఒక్క ప్రోగ్రాముతో పోదు. మొత్తం ఇల్లే ఆగిపోతుంది. మనకు కనిపించే నీలంతెర అర్థం అదే.

ఇప్పుడు అప్‌గ్రేడ్ సంగతి చూద్దాం. విండోస్ కొత్త రూపంలోకి మారేటప్పుడు పాత వ్యవస్థ ఫైళ్లను ఒక పక్కకు తీసి, 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లో సర్దుతుంది. కొత్తవి తెచ్చిపెడుతుంది. రెండు మూడుసార్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఒకరకంగా మనం లోపల ఉండగానే ఇంటి పునాదులు మార్చడం అన్నమాట! అదే సమయంలో కాపలావాడికి కనిపించేదేమిటి? ఎవరో వచ్చి ముఖ్యమైన ఫైళ్లను పెద్దఎత్తున మారుస్తున్నారు. వైరస్ చేసే పనీ అలాగే ఉంటుంది. దాంతో అడ్డుకోవచ్చు, ఏదో ఒక ఫైలుని పట్టుకుని వదలకపోవచ్చు. ఒకవేళ ఊరుకున్నా ఇంకో చిక్కు ఉంది. పాత ఇంటి గోడల కొలతలతో తయారైన డ్రైవర్ కొత్త ఇంట్లో అడుగు పెడుతుంది. గోడ ఉందనుకున్నచోట గుమ్మం ఉంటే..? తూలిపడుతుంది.

పాత తగాదాలే!

ఈ పేచీ ఈనాటిది కాదు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో 'మెల్ట్‌డౌన్', 'స్పెక్టర్' అనే లోపాలు బయటపడినప్పుడు మైక్రోసాఫ్ట్ హడావిడిగా మరమ్మతు విడుదల చేసింది. కొన్ని యాంటీవైరస్‌లు కెర్నల్ జ్ఞాపకశక్తిని అనుమతి లేని దారుల్లో వాడుకుంటున్నాయనీ, వాటితో కలిస్తే నీలంతెర వస్తోందనీ అప్పుడు తేలింది. దాంతో మైక్రోసాఫ్ట్ ఓ షరతు పెట్టింది. 'మేం సిద్ధం' అని యాంటీవైరస్ రిజిస్ట్రీలో ఒక గుర్తు పెడితేనే ఆ కంప్యూటర్‌కి అప్‌డేట్ పంపుతామంది. ఆ గుర్తు లేని కంప్యూటర్లకు కొన్నాళ్లపాటు భద్రతా అప్‌డేట్లే అందలేదు. కాపలావాడున్నాడన్న ధీమాతో ఉన్న ఇంటికి తాళాలు మార్చే మనిషే రాలేదన్నమాట!

మరుసటి ఏడాది 2019 ఏప్రిల్ 9న విండోస్ 7, 8.1లకు నెలవారీ అప్‌డేట్ వచ్చింది. అది వేసుకున్నాక సోఫోస్, అవాస్ట్, అవీరా, ఆర్కాబిట్, మెకఫీ ఉన్న కంప్యూటర్లలో కొన్ని మొదలయ్యేటప్పుడే బిగుసుకుపోయాయి, కొన్ని నత్తనడక పట్టాయి. విండోస్‌లోని ఒక భాగంలో చేసిన మార్పు వల్ల 'డెడ్‌లాక్' ఏర్పడే అవకాశం ఉందని మెకఫీ వివరించింది. ఆ మాటకు అర్థం మనకు తెలిసిందే. బస్సు తలుపు దగ్గర ఇద్దరు మర్యాదస్తులు 'మీరు ముందు' అంటే 'కాదు, మీరే ముందు' అనుకుంటూ నిలబడిపోయారనుకోండి. బస్సు కదలదు. లోపలివాళ్లకు కారణం తెలియదు!

అదే ఏడాది నవంబరులో విండోస్ 10 కొత్త రూపాలకు మారబోయినవారిలో అవాస్ట్, ఏవీజీల పాత వెర్షన్లు ఉన్నవాళ్లను మైక్రోసాఫ్ట్ గుమ్మం దగ్గరే ఆపేసింది. యాంటీవైరస్‌ని ముందు కొత్త వెర్షన్‌కి మార్చుకోమంది. ఇక్కడ గమనించాల్సిన మాట 'పాత వెర్షన్'. ఏటా డబ్బు కట్టి రెన్యువల్ చేయించుకున్నా, లోపలున్న ప్రోగ్రాము నాలుగేళ్లనాటిదే కావచ్చు. రెన్యువల్ వేరు, వెర్షన్ వేరు. రోజూ వచ్చే వైరస్‌ల జాబితా కొత్తదైనంత మాత్రాన కాపలావాడు కొత్త ఇంటికి అలవాటు పడ్డట్టు కాదు.

అలాగని ప్రతి అప్‌గ్రేడూ గొడవేనా? కాదు. విండోస్ 10లో 2017లో వచ్చిన పెద్ద అప్‌డేట్ సమయానికి దాదాపు 95 శాతం కంప్యూటర్లలోని యాంటీవైరస్‌లు దానికి సరిపడేవేనని మైక్రోసాఫ్ట్ చెప్పుకుంది. అంటే నూటికి అయిదింటికే తేడా. కానీ ఆ అయిదింటిలో మన మిల్లు లెక్కలున్న కంప్యూటర్ ఒకటి కాకూడదు కదా!

కాపలావాడే పడిపోతే...

కెర్నల్‌లో కూర్చున్న మనిషి తూలితే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకేరోజు చూసింది. అది 2024 జులై 19. పెద్ద కంపెనీలు వాడే క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి చిన్న అప్‌డేట్ వెళ్లింది. అందులో ఒకచోట 20 విలువలే ఉంటే, ప్రోగ్రాము 21వ దానికోసం వెతకబోయి కుప్పకూలింది. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలంతెరకి అతుక్కుపోయాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలోనూ ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. అది అప్‌గ్రేడ్ వల్ల వచ్చిన చిక్కు కాదు, వైరస్ అంతకన్నా కాదు. కాపలావాడి తప్పటడుగు.

అంతకు ముందు 2010 ఏప్రిల్ 21న మెకఫీ పంపిన అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని ఓ ముఖ్యమైన ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంది. ఎన్నో కంప్యూటర్లు మాటిమాటికీ ఆగి మొదలవుతూ ఉండిపోయాయి. ఇంటి యజమానినే దొంగ అనుకున్న కాపలావాడి కథ!

ఈ అనుభవాల తర్వాత మైక్రోసాఫ్ట్ ఆలోచన మార్చుకుంది. యాంటీవైరస్‌లు కెర్నల్ బయట, అంటే వసారాలోనే కూర్చుని కాపలా కాసే ఏర్పాటును భద్రతా కంపెనీలతో కలిసి పరీక్షించబోతున్నట్టు 2025లో ప్రకటించింది. అది అందరి ఇళ్లకూ చేరేదాకా జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది.

ఒక గుమ్మానికి ఇద్దరా?

అప్‌గ్రేడ్‌కి ముందు అసలు మీ కంప్యూటర్‌లో ఎందరు కాపలావాళ్లున్నారో లెక్కపెట్టండి. ఆశ్చర్యపోతారు! లాప్‌టాప్ కొన్నరోజే కంపెనీవాళ్లు పెట్టిచ్చిన ట్రయల్ ఒకటి. గడువు తీరినా అది అలాగే పడి ఉంటుంది. షాపులో వేయించుకున్న క్విక్‌హీలో, మరొకటో రెండోది. అబ్బాయి ఎక్కడో ఉచితంగా దొరికిందని దించుకున్నది మూడోది. ఇవన్నీ ఒకే ఫైలును ఒకేసారి సోదా చేయబోతాయి. కంప్యూటర్ నెమ్మదించడానికి ఇదొక్కటి చాలు. అప్‌గ్రేడ్ సమయంలో అయితే పేచీ రెట్టింపే.

విండోస్‌లో పుట్టుకతోనే ఓ కాపలావాడున్నాడు. పేరు డిఫెండర్. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 నుంచీ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా పనిచేస్తోంది. బయటినుంచి మరో యాంటీవైరస్ వచ్చి చేరితే ఇది మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. బయటిది వెళ్లిపోతే తనంతట తానే మళ్లీ డ్యూటీ ఎక్కుతుంది. కాబట్టి అప్‌గ్రేడ్‌కి ముందు బయటి యాంటీవైరస్‌ని తీసేస్తే ఇల్లు గాలికి వదిలేసినట్టవుతుందన్న భయం అక్కర్లేదు.

పని మొదలెట్టే ముందు...

వరస ముఖ్యం. ఏది ముందు, ఏది తర్వాత అన్నదాంట్లోనే సగం గెలుపు ఉంది.

ఒకటి: అసలు మీ కంప్యూటర్ విండోస్ 11కి అర్హమో కాదో చూడండి. మైక్రోసాఫ్ట్ వారి 'పీసీ హెల్త్ చెక్' ప్రోగ్రాము ఆ సంగతి చెబుతుంది. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సెక్యూర్ బూట్ సదుపాయం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి.

రెండు: ముఖ్యమైనవన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. ఫొటోలు, వీడియోలు గుర్తుంటాయి. టాలీ లెక్కల డేటా ఫోల్డరు, డీటీపీ ఫాంట్లు, డిజైన్లు మర్చిపోతారు. కాపీ అయ్యాక ఆ హార్డ్‌డిస్క్‌ని మరో కంప్యూటర్‌కి పెట్టి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టండి.

మూడు: యాంటీవైరస్ ప్రొడక్ట్ కీని కాగితం మీద రాసుకోండి. డబ్బాలోని కార్డు మీదో, కొన్నప్పుడు వచ్చిన ఈమెయిల్‌లోనో ఉంటుంది. ఇది లేకుండా తీసేస్తే మిగిలిన నెలల డబ్బు నీళ్లపాలే. కంప్యూటర్‌కి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని రికవరీ కీ కూడా రాసి దాచుకోండి.

నాలుగు: ఇప్పుడు యాంటీవైరస్‌ని తీసేయండి. చాలామంది దాన్ని 'డిజేబుల్' చేసి ఊరుకుంటారు. అది కాపలావాడిని కుర్చీలో నిద్రపుచ్చడమే. అతను కుర్చీలోనే ఉంటాడు, అంటే డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. పూర్తిగా 'అన్‌ఇన్‌స్టాల్' చేయాలి. అప్పటికీ కొన్ని అవశేషాలు మిగలొచ్చు. వాటిని ఊడ్చేయడానికి మెకఫీ, నార్టన్, అవాస్ట్, కాస్పర్‌స్కీ లాంటి కంపెనీలు ప్రత్యేకంగా చిన్న ప్రోగ్రాములు ఇస్తున్నాయి. అవి ఆయా కంపెనీల సొంత వెబ్‌సైట్ల నుంచే తీసుకోవాలి. తీసేశాక కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి.

అయిదు: అప్‌గ్రేడ్‌ని విండోస్ అప్‌డేట్ నుంచిగానీ, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచిగానీ మాత్రమే మొదలుపెట్టండి. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ వద్దు. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి. కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి.

ఆరు: పని పూర్తయ్యాక 'విండోస్ సెక్యూరిటీ' తెరిచి డిఫెండర్ పనిచేస్తోందని నిర్ధారించుకోండి. ఒకటి రెండు రోజులు వాడి చూడండి. అంతా బాగుంటే మీ యాంటీవైరస్ తాజా వెర్షన్‌ని కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకుని, రాసిపెట్టుకున్న కీతో వేసుకోండి. పాత సీడీతో వేస్తే కథ మళ్లీ మొదటికే! డిఫెండర్ చాలనుకుంటే అదీ తప్పు కాదు.

మధ్యలో ఆగిపోతే?

సీ1900208 అనే అంకెలతో ముగిసే ఎర్రర్ కనిపించిందంటే, సరిపడని ప్రోగ్రాము ఏదో దారికి అడ్డంగా ఉందని అర్థం కావచ్చు. ముందుగా చూడాల్సింది యాంటీవైరస్‌నే. కొన్నిసార్లు విండోస్ సెటప్పే 'ఫలానా ప్రోగ్రాము తీసేస్తేగానీ ముందుకు వెళ్లలేను' అని పేరుతో సహా చెబుతుంది. ఆ తెరను చదవకుండా మూసేయకండి. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రిపేరు షాపుకి వెళ్లినప్పుడు అదే సగం వైద్యం.

అప్‌గ్రేడ్ అయ్యాక ఇబ్బందులు వస్తే వెనక్కి వెళ్లే దారీ ఉంది. పాత విండోస్‌ని పది రోజులపాటు పక్కన దాచి ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అందులో 'గో బ్యాక్' నొక్కితే పాత ఇంటికి తిరిగి వెళ్లొచ్చు. పదో రోజు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. జాగా మిగులుతుందని ఎవరైనా ఆ పాత ఫోల్డర్‌ని ముందే తుడిచేసినా అంతే. అందుకే వేలిముద్రల యంత్రం, ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, లెక్కల ప్రోగ్రాము... అన్నిటినీ మొదటి వారంలోనే ఒకసారి వాడి చూసుకోవాలి. నెలాఖరున జీఎస్టీ రిటర్ను వేసేటప్పుడు తెలిస్తే లాభం లేదు.

'ఫార్మాట్ కొడితే అయిపోతది అన్నా!'

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఏ చిన్న పట్నంలోనైనా కంప్యూటర్ మొరాయించిందంటే వినిపించే మొదటి మాట ఇదే. నిజానికి అది రిపేరు కుర్రాడి తప్పు అని కొట్టిపారేయలేం. సమస్య ఎక్కడుందో వెతకాలంటే రెండు మూడు గంటలు. ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేయాలంటే గంట. ఇచ్చే కూలి మాత్రం రెండిటికీ ఒకటే! పైగా ఫార్మాట్‌తో యాంటీవైరస్ గొడవ నిజంగానే పోతుంది. దాంతోపాటు మిల్లు లెక్కలూ, పెళ్లి ఆల్బమ్‌లూ, అమ్మమ్మ వీడియో కూడా పోతాయి. 'సీ డ్రైవే కదా' అంటారు. మనవాళ్లు డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో దాచుకునేవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి మరి!

కాబట్టి షాపులో కంప్యూటర్ ఇచ్చేటప్పుడు ఒకే ఒక్క మాట చెప్పండి. 'తమ్మీ, ముందు డేటా తీసి చూపించు, తర్వాతే ఫార్మాట్ మాట. దానికయ్యే కూలి వేరుగా ఇస్తా.' చివరి వాక్యం మర్చిపోవద్దు. ఓపిగ్గా చేసే పనికి కూలి ఉంటేనే ఆ ఓపిక నిలుస్తుంది.

ఇంకో హెచ్చరిక. విండోస్‌కి దొంగ తాళం వేసే 'క్రాక్' ప్రోగ్రాములు కూడా 'ముందు యాంటీవైరస్ ఆపండి' అనే అడుగుతాయి. మాట ఒకటే కదా అని మోసపోవద్దు. ఇల్లు కట్టే మేస్త్రి కోసం కాపలావాడికి సెలవివ్వడం వేరు. ముసుగేసుకుని వచ్చినవాడు అడిగాడని పంపించేయడం వేరు. యాంటీవైరస్‌ని పక్కకు తప్పించాల్సింది మైక్రోసాఫ్ట్ నుంచి నేరుగా వచ్చిన అప్‌గ్రేడ్ కోసమే.

పాత కంప్యూటరే ఉంటే?

విండోస్ 11కి అర్హత లేని కంప్యూటర్లు మన పట్నాల్లో తక్కువేం లేవు. విండోస్ 10 మీదే ఉండిపోయే ఇళ్లకు, ఏడాదిపాటు, అంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా మరమ్మతులు అందిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందుకు పేరు నమోదు చేసుకోవాలి. విండోస్ 10లోని డిఫెండర్‌కి వైరస్‌ల జాబితాలు 2028 అక్టోబరు దాకా వస్తాయనీ చెప్పింది.

ఇది విని 'అయితే 2028 దాకా నిశ్చింత' అనుకునేవాళ్లున్నారు. 'మంచి యాంటీవైరస్ కొన్నాం, ఇంకేం భయం' అనేవాళ్లూ ఉన్నారు. కాపలావాడు ఎంత చురుకైనవాడైనా విరిగిన కిటికీని బాగుచేయలేడు. కిటికీ బాగుచేయడం విండోస్ మరమ్మతుల పని. అవి ఆగిపోయిన కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయకపోవడం మేలు. దాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీసి, పాత డిజైన్లకో, పాటలకో ఉంచుకోవచ్చు.

ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకోండి. అప్‌గ్రేడ్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. ముందు ఆ ఫొటోలు, ఆ లెక్కలు బయటి హార్డ్‌డిస్క్‌లోకి చేర్చండి. యాంటీవైరస్ కీ రాసిన కాగితం దానికే రబ్బరుబ్యాండుతో చుట్టి బీరువాలో పెట్టండి. కంప్యూటర్ పాతదైతే కొత్తది కొనుక్కోవచ్చు, విండోస్ పోతే మళ్లీ వేసుకోవచ్చు. అమ్మమ్మ నవ్వుకి మాత్రం ఏ కంపెనీ ప్రొడక్ట్ కీ ఇవ్వదు!